దేవుడికి పెట్టిన పథ్యం

"నూట తొంభై ఎనిమిదండి అమ్మగారూ," అన్నాడు కాటా రాయప్ప, తలెత్తకుండా.

సీతామహాలక్ష్మి కాటా మీంచి దిగలేదు. "సరిగ్గా చూడు రాయప్పా. పోయిన శుక్రవారం నూట తొంభై ఆరన్నావు కదా!"

"రెండుసార్లు చూశానండి. తగ్గించి చెప్పమంటే చెబుతాను గానీ, దానివల్ల మీకేంటండి లాభం?"

అది జగన్నాథరావుగారి రైసుమిల్లులో ధాన్యం బస్తాలు తూచే కాటా. తిరువూరు బజారులో బట్టలకొట్టు చంద్రశేఖరం భార్య అంటే నలుగురూ పక్కకు తప్పుకుని దారిచ్చే మనిషి. అలాంటి ఇల్లాలు ప్రతి శుక్రవారం తెల్లవారగానే, కూలీలు రాకముందే గూడుబండిలో వచ్చి, బస్తాలు ఎక్కించే ఇనపపలక మీద తానెక్కి నిలబడుతోంది. ఎందుకమ్మా నీకీ ఖర్మ అని అడిగితే ఏం చెబుతుంది? ప్రాణం మీదికొచ్చింది కాబట్టి. మనిషిని తూచే మిషను కోసం వారం వారం బెజవాడ పోలేదు కాబట్టి.

అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్ళు. రెండేళ్ళుగా నెలకు పదిహేను రోజులు నెత్తురు పోతోంది. ఎవరితో చెప్పుకుంటుంది? కషాయాలు తాగింది, లేహ్యాలు నాకింది. పంతొమ్మిదివందల యాభై ఏడులో దసరా పండుగ వెళ్ళగానే, ఒకరోజు వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు మొగుడికి తెలిసింది. బెజవాడ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ చెప్పింది: గర్భసంచిలో కొబ్బరికాయంత గడ్డ ఉంది, తీసెయ్యాలి, తియ్యకపోతే వచ్చే వేసవి దాటవు. కానీ నూట తొంభై నాలుగు పౌన్ల ఒంటితో, ఇంత రక్తపోటుతో మత్తు ఇచ్చానంటే బల్ల మీదే పోతావు. మాఘమాసం నాటికి నూట అరవై అయిదుకు దిగిరా. తిన్నదంతా ఏ రోజుకారోజు ఒక పుస్తకంలో రాసి తీసుకురా.

అదీ సంగతి. కోస్తే చస్తుంది, కొయ్యకపోతే చస్తుంది. మధ్యలో ఉన్న దారి ఒక్కటే, ఇరవై తొమ్మిది పౌన్లు తగ్గడం. తగ్గడానికి బదులు అయిదు వారాల్లో నాలుగు పౌన్లు పెరిగింది.

బండిలో ఇంటికి వస్తూ, గూడు తెర వెనక నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది సీతామహాలక్ష్మి. ఆమె తల్లి ఈ జబ్బుతోనే పోయింది. అప్పటికి తనకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు తన కూతురు ఇందిరకు తొమ్మిదేళ్ళు. పోయిన తల్లి ముఖం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాదు, కాళ్ళ పట్టీలు మాత్రమే గుర్తు. రేపు ఇందిరకు నేనెంత గుర్తుంటానని ఆ దారి పొడవునా అదే ఆలోచన.

మరి ఆమె తిండి సంగతి వినండి. పొద్దున సగం జొన్నరొట్టె, ఉప్పు వెయ్యని పలచటి మజ్జిగ. మధ్యాహ్నం గరిటెడు అన్నం, ఆకుకూర. చీకటి పడితే ఏమీ లేదు. సోమవారం, శనివారం, ఏకాదశి ఉపవాసం. రూళ్ళ పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటూ వచ్చింది. ఒక్క అబద్ధం లేదు. అబద్ధం రాసే మనిషి కాదు, అసలు ఆ పుట్టుకే కాదు.

ఆ సాయంత్రం చంద్రశేఖరం కొట్టు కట్టేసి వచ్చి ఆ పుస్తకం తిరగేశాడు. మంచివాడే. కానీ భయపడ్డ మంచివాడి నోటికి హద్దుండదు.

"సీతా, నిజం చెప్పు. నేను కొట్టుకు పోయాక ఏం తింటున్నావు?"

"ఇందులో రాసిందే."

"ఇది తిని ఎవరన్నా పెరుగుతారా? నన్ను మోసం చేస్తే చేశావు గానీ, నీ ప్రాణాన్ని నువ్వే మోసం చేసుకుంటున్నావే!"

"ఇందిర మీద ఒట్టు అండీ!"

"పిల్ల మీద ఒట్టెయ్యకు!" అని అరిచాడు. అరిచి, సామాన్ల గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పదిహేడేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆ గదికి తాళం పడటం అదే మొదలు. సీతామహాలక్ష్మి ఆ పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిండిదొంగ! చావు భయం ఒకవైపు, ఈ మాట ఒకవైపు. ఈ మాటే ఎక్కువ కోసింది.

తాళం చప్పుడికి పూజగదిలోంచి అత్తగారు బయటికి వచ్చింది. నాగేశ్వరమ్మగారికి అరవై రెండేళ్ళు. మొగుడు పోయి ఇరవై ఏళ్ళయింది. ఒంటిపూట భోజనం, మడివంట, మనిషి చూపు తగలకుండా తలుపు మూసుకుని తినడం. దేవుడికి నివేదన కానిది మంచినీళ్ళైనా నోట పోసుకోని నియమం. ఊళ్ళో చాలామంది అత్తలను చూశాం గానీ, కోడలికి నొప్పొస్తే తాను మెలికలు తిరిగే అత్తను ఈవిడనే చూశాం.

"ఒరేయ్ శేఖరం, కోడలు తింటే నాకు కనబడదా? పస్తులుండి ఎండిపోతోందిరా పిల్ల. ఇది తిండి రోగం కాదు, గ్రహబాధ. స్వామే చూసుకోవాలి. రేపటి నుంచి ఇంకో మొక్కు పెడతాను," అంది.

ఆవిడ మొక్కులంటే ఉత్తుత్తి దణ్ణాలు కావు. కోడలి పేర సోమవారం శివుడికి పరమాన్నం. మంగళవారం ఆంజనేయస్వామికి అప్పాలు. శనివారం చలిమిడి. ఏకాదశికి, పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం. రవ్వ, నెయ్యి, పంచదార సమపాళ్ళలో ప్రసాదం. శుక్రవారం నెమలి గ్రామంలోని వేణుగోపాలస్వామికి బండి కట్టుకుపోయి చక్కెర పొంగలి. ఎవరి పేర మొక్కామో ప్రసాదం వాళ్ళే తినాలి; ఇంకొకరికి పెడితే ఆ ఫలం వాళ్ళకు పోతుందని ఆవిడ గట్టి నమ్మకం. వద్దనకూడదు, వదలకూడదు, కింద పడెయ్యకూడదు. కోడలి చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడేది. తిన్నాక ఆ తల నిమిరి, కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి పోయేది.

కోడలూ అంతే. బరువు తగ్గలేదంటే భయం, భయమేస్తే ఇంకో మొక్కు, మొక్కంటే ఇంకో గిన్నె. చూడండి మరి, ఎంత చక్కగా ఉచ్చు బిగిసిందో! ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

కార్తీకం వెళ్ళీ వెళ్ళగానే మళ్ళీ బెజవాడ బస్సెక్కారు. డాక్టరమ్మ తూకం చూసింది, పుస్తకం చూసింది, సీతామహాలక్ష్మి ముఖం చూసింది.

"ఏమ్మా, నన్ను ఆడిస్తున్నావా? ఇందులో రాసింది తిన్న మనిషి ఈపాటికి ఎముకల గూడై ఉండాలి. నూట తొంభై ఏడున్నావు! ఇవన్నీ అబద్ధాలు."

"లేదండీ... ప్రమాణం చేసి..."

"అబద్ధాలు రాసే పేషెంటుకు నేను కత్తి పట్టను. పట్టి చంపుకోను. ఇంకెవరినన్నా చూసుకోండి," అని పుస్తకాన్ని బల్ల మీద ఇవతలికి తోసేసింది.

సీతామహాలక్ష్మి ఆవిడ కాళ్ళ మీద పడింది. అంత ఒళ్ళు వంచి, నేల మీద పడి, "నాకు తొమ్మిదేళ్ళ పిల్లుందమ్మా, నన్ను వదిలెయ్యకండమ్మా," అని ఏడ్చింది. చంద్రశేఖరం సిగ్గుతో గోడవైపు తిరిగాడు. అక్కడున్న నర్సు రిబ్కా వచ్చి రెండు చేతులూ పట్టి లేవదీసి, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నలభై దాటిన మనిషి, నిదానస్తురాలు.

"నేను నమ్ముతానమ్మగారూ. నాకోసం ఒక్కపని చెయ్యండి. నిన్న లేచింది మొదలు ఏం చేశారో వరసగా చెప్పండి. తిండి సంగతొక్కటే కాదు, అన్నీ."

"నిన్న మంగళవారం. లేచి స్నానం చేశాను. పూజయింది. అత్తయ్య అప్పాలు పెట్టారు. తర్వాత సగం రొట్టె..."

"ఉండండి. అప్పాలు ఎన్ని?"

"అయిదు. మొక్కు కదా, అయిదుకు తగ్గకూడదు."

"నూనెలో వేయించినవా?"

"ఛ, నూనేంటి! ఆవునెయ్యి."

"మరి పుస్తకంలో లేవే?"

సీతామహాలక్ష్మి ఆమె వంక తెల్లబోయి చూసింది. "ప్రసాదాన్ని రాస్తారటమ్మా? తిండంటే మనం తినేది. అది స్వామిది. దాన్ని తిండి పక్కన పెట్టి లెక్కేస్తే కళ్ళు పోవూ?"

రిబ్కా నవ్వలేదు. అదే గొప్ప. పెన్సిలు తీసి, మొన్నటిది అడిగింది, అటుమొన్నటిది అడిగింది. పరమాన్నం ఎంత గిన్నె, పొంగలి ఎన్ని గుప్పెళ్ళు, ఉపవాసం రోజు పలహారం ఏమిటి. ఉప్మా, చిలకడదుంపలు, బెల్లం పాకం, అరటిపళ్ళు. ఉపవాసమంటే అన్నం తినకపోవడమే కదా, ఇవన్నీ ఎక్కడన్నా భోజనం కిందికి వస్తాయా? చెబుతూ చెబుతూ సీతామహాలక్ష్మి తానే వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తన నోటితో తానే చెప్పుకున్నది తన చెవిన పడుతోంది.

"మీ దేవుణ్ణి నేను తప్పు పట్టడం లేదమ్మగారూ," అంది రిబ్కా మెల్లిగా. "కానీ కడుపులోకి పోయాక, తాను ప్రసాదమని నెయ్యికి తెలీదు కదా."

రిబ్కాయే లోపలికి పోయి డాక్టరమ్మతో చెప్పింది. ఏం చెప్పిందో గానీ, ఆవిడ బయటికి వచ్చి కాసేపు సీతామహాలక్ష్మిని చూసి, "మాఘం దాకా చూస్తాను. అంతకుమించి గడ్డ ఆగదు," అని వెళ్ళిపోయింది.

మైలవరం మీదుగా బస్సు వస్తున్నంతసేపూ సీతామహాలక్ష్మికి చావు గుర్తుకు రాలేదు. ఈ మాట అత్తయ్యకు ఎలా చెప్పాలన్నదే. చెప్పకపోతే తాను పోతుంది. చెబితే ఆ మనిషి ఏమైపోతుంది?

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు. అత్తగారు గడపలోనే ఉంది, చేతిలో గిన్నెతో. "ముందు ఇది నోట్లో వేసుకో సీతాలూ. నీ పేర చేయించాను పొద్దున."

సీతామహాలక్ష్మి ఆ గిన్నె అందుకుని కింద పెట్టి, అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెద్దావిడ ముందు గయ్యిమంది. "ఎవరో నర్సు చెప్పిందని స్వామి ప్రసాదాన్ని విషమంటావుటే! ఎన్ని తరాల నుంచి తింటున్నాం!" అని నెత్తీ నోరూ బాదుకుంది. చంద్రశేఖరం కల్పించుకోబోతే వాణ్ణీ కసిరింది. ఆ పైన ఉన్నట్టుండి నిలువుగుడ్లు వేసుకుని కోడలి వంక చూసింది.

"అంటే... ఇన్నాళ్ళూ నిన్ను చంపుతోంది నేనా?"

"అంత మాటనకండి అత్తయ్యా."

"నేనేనే," అంది. గిన్నె తీసుకుని పూజగదిలోకి పోయి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున పూజ ముగిశాక కోడల్ని పిలిచింది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ ముఖం తేటగా ఉంది. "స్వామితో చెప్పుకున్నానమ్మాయ్. నా కోడలు గట్టెక్కే దాకా ఆయన కూడా పథ్యం చెయ్యాలన్నాను. మొక్కులు ఆపాను, నిత్యనైవేద్యం కూడా రోజుకు ఒక అరటిపండు, ఉద్ధరిణెడు పాలు. పొంగళ్ళూ పరమాన్నాలూ ఆనక. అలిగితే నా మీద అలగమన్నాను," అని, నివేదన చేసిన అరటిపండు సగం విరిచి కోడలి చేతిలో పెట్టింది.

సీతామహాలక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇలాంటి అత్త ఎవరికుంటుంది? ఆ రోజు పుస్తకంలో మొదటిసారిగా రాసింది: ప్రసాదం, అరటిపండు సగం.

ఆ తర్వాత ఆ ఇంటికి ఒకటే ధ్యాస. చంద్రశేఖరం సామాన్ల గది తాళం తీసి నూతిలో పారేశాడు. పనిమనిషి చిట్టెమ్మ జొన్నపిండిని తూచి ఇచ్చేది. ఇందిర రోజూ బడినుంచి రాగానే, "అమ్మా, ఇవాళ ఏం తిన్నావు?" అని పుస్తకం చదివించుకునేది. శుక్రవారం మిల్లులో రాయప్ప అంకె చెప్పేదాకా బండి దగ్గర చంద్రశేఖరం ఊపిరి బిగబట్టేవాడు. నూట తొంభై రెండు. నూట ఎనభై ఎనిమిది. ఆకలికి కళ్ళు బైర్లు కమ్మేవి. నెత్తురు పోయిన రోజుల్లో గోడ పట్టుకుని నడిచేది. ధనుర్మాసంలో వీధి వీధంతా పొంగలి వాసనొస్తుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు తట్టుకోలేక, "ఇంక నావల్ల కాదు అత్తయ్యా, చస్తే చస్తాను, ముద్దన్నం పెట్టండి," అని చంటిపిల్లలా ఏడ్చింది. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "ఓర్చుకోవే తల్లీ. చూడు, స్వామి ఓర్చుకోవడం లేదూ?" అంది.

ఆ నిమిరే చెయ్యి తేలిగ్గా తగిలింది సీతామహాలక్ష్మికి. పెద్దతనం అనుకుంది. చలికాలం కదా అనుకుంది. తన బాధలో తానుంది.

మాఘమాసంలో బెజవాడ వెళ్ళేసరికి నూట అరవై తొమ్మిది. ఇంకా నాలుగు పౌన్లు మిగిలే ఉన్నాయి. డాక్టరమ్మ పుస్తకం చివరిదాకా చదివింది. ప్రతిరోజూ ప్రసాదం, అరటిపండు సగం. "ఈ పుస్తకం నేను నమ్ముతాను," అని, మూడోరోజుకు ముహూర్తం పెట్టింది. గడ్డ తీశారు. ఆ రాత్రంతా రిబ్కా మంచం పక్కనే కూర్చుంది. తెల్లారి సీతామహాలక్ష్మి కళ్ళు తెరిచి, "బతికానా?" అని అడిగింది. "బతికారమ్మగారూ," అంది రిబ్కా.

మూడు వారాలకు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది: కుట్లు పచ్చిగా ఉన్నాయి, మూడు నెలలపాటు నీళ్ళ బిందె కూడా ఎత్తొద్దు.

ఇంటి ముందు దిగేసరికి ఇందిర పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేసుకుంది. చిట్టెమ్మ దిష్టి తీసింది. గడపలో అత్తగారు లేదు.

"అత్తయ్య ఏరీ?"

"లోపల పడుకుందే. చలికి కాస్త నీరసించింది," అన్నాడు చంద్రశేఖరం. ఆస్పత్రికీ కొట్టుకూ మధ్య తిరుగుతూ అతనూ సరిగ్గా చూడలేదు.

పూజగది మూల చాప మీద తెల్లచీర కుప్పగా పడి ఉంది. అందులో మనిషి ఉందని ముందు పోల్చుకోలేకపోయింది సీతామహాలక్ష్మి. కళ్ళు గుంటల్లోకి పోయాయి. చెంపలు లేవు. పుల్లల్లాంటి చేతులు చాచి, "వచ్చావా తల్లీ," అని నవ్వబోయింది పెద్దావిడ.

"అయ్యో అత్తయ్యా! ఏమయింది మీకు? ఏం తింటున్నారు?" అంటూ మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, అత్తయ్య నిన్న ఏం తిన్నారు?"

చంద్రశేఖరం చిట్టెమ్మ వంక చూశాడు.

"చిట్టెమ్మా, నువ్వన్నా చెప్పవే!"

"పెద్దమ్మగారు తలుపేసుకుని తింటారండి. మడిలోకి నేనెట్టా వస్తానండి?"

ఇందిర తల అడ్డంగా ఊపింది. ఆ పిల్లకు తల్లి నాలుగు నెలల తిండి అప్పజెప్పినట్టు వచ్చు. నాయనమ్మ ఒక్కపూట తిన్నది కూడా తెలియదు.

"వాళ్ళనెందుకే కసురుతావు?" అంది నాగేశ్వరమ్మగారు. "స్వామి తిన్నదే నేనూ తిన్నాను. ఎప్పుడూ అంతే కదా. నీకు సగం, నాకు సగం. నువ్వు ఊళ్ళో లేనప్పుడు మాత్రం పండంతా నేనే తిన్నానులే."

సీతామహాలక్ష్మి ఆ పుల్లల్లాంటి చేతులు పట్టుకుంది. ఆవిడ నియమం తనకు తెలియదా? పదిహేడేళ్ళుగా తెలుసు. నివేదన కానిది ఆ మనిషి ముట్టదని తెలుసు, నివేదనగా వెళ్ళేది ఒక్క అరటిపండని తెలుసు. ప్రసాదం సగం అని రోజూ తన చేత్తో తానే రాసింది. ఆ మిగిలిన సగమే ఇంకొక ప్రాణానికి పూర్తి భోజనమని ఒక్కరోజన్నా తట్టలేదే! ఎంత స్వార్థం, ఎంత గుడ్డితనం! తనను తానే తిట్టుకుంటూ పైకే ఏడ్చింది.

"స్వామికి పథ్యం అయిపోయింది అత్తయ్యా, నేను గట్టెక్కాను. లేవండి. ఇప్పుడే అన్నం వార్చి నైవేద్యం పెడతాను, మీరు తినాలి. నా మీద ఒట్టు, లేవండి."

పెద్దావిడ మోచేతి మీద లేవబోయి, లేవలేక, సిగ్గుపడినట్టు చూసింది. "కాళ్ళు రావడం లేదే," అంది.

సీతామహాలక్ష్మి వంగింది. చంద్రశేఖరం, "వద్దు సీతా, కుట్లు!" అని పరుగెత్తుకొచ్చేలోపే అత్తగారిని రెండు చేతుల మీదికీ ఎత్తుకుని నిలబడింది. కుట్లు లాగలేదు, నొప్పి తెలియలేదు. చేతుల్లో బరువంటూ ఏమీ లేదు.

పదకొండు రోజులు చెంచాతో గంజి పట్టింది. పన్నెండో రోజు అది పెద్దావిడ గొంతు దిగలేదు.